ఫ్రీ వాటర్ టెస్ట్ అన్నారు, చేతిలో లోన్ పెట్టి వెళ్ళారు

ప్రశ్న: మాది రాయగడ. మా ఆయన ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తారు, చేతికి 17,000 వస్తుంది. నేను బ్లౌజులు కుట్టి నెలకు 4,500 దాకా సంపాదిస్తాను. ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఇంటి ఖర్చు అన్నీ కలిపి 16,000. రెండు నెలల కిందట మెడలో కార్డులు వేసుకుని ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, నీళ్ళు ఫ్రీగా టెస్ట్ చేస్తామన్నారు. మీటర్ పెడితే 340 చూపించింది. తర్వాత మా కుళాయి నీళ్ళలో కరెంటు కడ్డీలు పెట్టారు, గ్లాసు మొత్తం మడ్డిగా అయిపోయింది. వాళ్ళ మెషిన్ నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి. పిల్లలు తాగేవి ఈ నీళ్ళా అని భయమేసి 46,000 పెట్టి ఆర్వో మెషిన్ తీసుకున్నాం. 6,000 చేతి నుంచి కట్టాం, మిగతా 40,000 ఆ కుర్రాడే నా ఫోన్‌లో లోన్ చేసిపెట్టాడు. నెలకు 2,640 చొప్పున 18 నెలలు. 5వ తారీఖున కోత పడుతుంది, జీతమేమో 7న వస్తుంది. రెండు కట్టాం. ఇప్పుడు బాత్రూమ్‌కి సాఫ్ట్‌నర్ (కఠిన జలాన్ని మెత్తబరిచే మెషిన్) కూడా పెట్టించుకోండి, టాప్-అప్ లోన్ ఇప్పిస్తానని ఫోన్ చేస్తున్నాడు. మా తమ్ముడేమో నా గొలుసు బ్యాంకులో పెట్టి ఉన్న లోన్ మూసేయమంటున్నాడు. దాచిన డబ్బులో 5,000 మిగిలింది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు సాఫ్ట్‌నర్ సంగతి తేల్చేద్దాం. వద్దు. ఆ టాప్-అప్ వద్దే వద్దు. ఉన్న అప్పు తీరకముందే దాని మీద ఇంకో అప్పు ఇప్పిస్తానని తనంతట తానే ఫోన్ చేసేవాడు మీ నీళ్ళ గురించి ఆలోచించి చెయ్యట్లేదు. ఆ నంబర్ బ్లాక్ చెయ్యండి.

మీ ఉత్తరం ఇక్కడ వేయడానికి కారణం ఉంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఒడిశాలో మన తెలుగువాళ్ళున్న ప్రతి టౌన్ నుంచీ ఇలాంటి ప్రశ్నే వస్తోంది. మెషిన్ పేరు మారుతుంది, లోన్ ఇచ్చే కంపెనీ మారుతుంది. పొరపాటు మాత్రం ఒకటే. ఇంట్లో ఆపదకు దాచిన సొమ్ము లేకుండానే, గుమ్మం దగ్గర పుట్టిన భయానికి ఏడాదిన్నర అప్పు నెత్తికెత్తుకోవడం.

మీ భయాన్ని తప్పుపట్టను. రాయగడ జిల్లాలో నీళ్ళంటే భయపడడానికి కారణాలున్నాయి. 2007లో కలరా వచ్చింది, 2022 జులైలో కాశీపూర్ బ్లాకులో మళ్ళీ వచ్చింది, మనుషులు పోయారు. అందుకే ఎవరైనా ఇంటికి వచ్చి మీ నీళ్ళు చెడ్డవంటే తల్లి మనసు ఆగదు. అయితే మీకు చూపించిన రెండు పరీక్షల్లో ఏ ఒక్కటీ కలరా క్రిమిని పట్టుకునేది కాదు. ఈ సంగతి తెలియకే మీ 46,000 పోయాయి.

కడ్డీల పరీక్షలో జరిగేది ఇది. ఆ పరికరానికి ఇనుప కడ్డీ ఒకటి, అల్యూమినియం కడ్డీ ఒకటి ఉంటాయి. కుళాయి నీళ్ళలో సహజంగానే లవణాలు ఉంటాయి కాబట్టి కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పు దిగుతుంది. మీరు చూసిన మడ్డి చాలావరకు ఆ కడ్డీదే. ఆర్వో నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు, కరెంటు సరిగా పారదు, అందుకే తేటగా ఉంటాయి. మీ పక్కింటికి మళ్ళీ ఎవరైనా ఈ పరీక్షతో వస్తే, వాళ్ళ శుద్ధమైన నీళ్ళ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి అవే కడ్డీలు పెట్టమనండి. అది కూడా మడ్డిగా మారుతుంది.

ఇక ఆ మీటర్ సంగతి. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత అన్నది. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మామూలుగా తాగొచ్చు. వేరే నీటి వసతి లేనిచోట 2,000 దాకా అనుమతి ఉంది. మీది 340. 500 లోపు ఉన్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే పర్యావరణ శాఖకు చెప్పింది. అంటే ఆ మీటర్ మీ ఇంట్లో చూపించిన అంకె, ఆ మెషిన్ మీకు అక్కర్లేదనే చెబుతోంది. ఆ కుర్రాడు అదే అంకె చూపించి మీకు మెషిన్ అంటగట్టాడు.

ఇంకో ఇంట్లో చుక్కల మందు వేసి నీళ్ళు పసుపుపచ్చగా మారాయని చూపించారట. అది క్లోరిన్ ఉందని చెప్పే మందు. క్రిములు చావడానికి కలిపే క్లోరిన్‌నే విషమని చూపించి భయపెట్టారన్నమాట.

బ్యాక్టీరియా ఉందో లేదో తెలియాలంటే ల్యాబులో 24 నుంచి 48 గంటలు పడుతుంది. పది నిమిషాల్లో గుమ్మం దగ్గర తేల్చేశామంటే నమ్మకండి. నిజంగా పరీక్ష కావాలంటే టౌన్‌లో అయితే మునిసిపాలిటీకి నీళ్ళిచ్చే విభాగాన్ని అడగండి, పల్లెలో అయితే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబు ఉంటుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్‌తో నీళ్ళు పరీక్షించడం నేర్పించే ఏర్పాటు కూడా ఉంది. బ్యాక్టీరియా, ఫ్లోరైడ్, నైట్రేట్, ఐరన్ ఈ నాలుగూ చూడమని పేరు పెట్టి అడగండి. సీసా ల్యాబు వాళ్ళదే తీసుకోండి, ఇంట్లోని కూల్‌డ్రింక్ బాటిల్‌లో పట్టుకెళ్తే బ్యాక్టీరియా రిపోర్టుకు విలువ ఉండదు. కుళాయి కాసేపు వదిలేసి, మూత లోపల వేలు తగలకుండా పట్టి, ఆ రోజే అప్పగించండి. ఫీజు ఉన్నా అది మీ ఒక్క ఈఎంఐ ముందు ఏపాటిది? వానాకాలంలో అనుమానం వచ్చినప్పుడల్లా నీళ్ళు తెర్లి బుడగలు వచ్చాక ఒక నిమిషం ఉంచి దించండి, కలరా క్రిమి చస్తుంది.

ఇప్పుడు అప్పు. మీకు నోటితో ఏం చెప్పి ఉంటాడో ఊహించగలను: "రూపాయి వడ్డీయే అక్కా." 40,000 మీద 18 నెలలకు 7,520 వడ్డీ, పైకి చూస్తే నిజంగానే రూపాయి వడ్డీలా కనిపిస్తుంది. కానీ మీరు నెలనెలా అసలు కూడా కడుతున్నారు, వడ్డీ మాత్రం మొత్తం 40,000 మీదే వేశారు. మీరు పంపిన కాగితంలో ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో 1,180 అని ఉంది. అదీ కలిపి లెక్క కడితే నెలకు నూటికి రెండు రూపాయల ఇరవై పైసలు పడుతోంది, ఏడాదికి 26 శాతం పైమాటే. వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్ళడానికి మనం సిగ్గుపడతాం. ఫోన్‌లో అయితే ఓటీపీ చెప్పేసి అదే వడ్డీకి తల వంచుతున్నాం. అమ్మా, ఓటీపీ అంటే సంతకం. సెల్ఫీ తీసి, ఆధార్ అడిగి, ఓటీపీ తీసుకున్న క్షణాన అది నీళ్ళ టెస్ట్ కాదు, అప్పు పత్రం. ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ, ఎందుకంటే అసలు ఇది అప్పని తెలియకుండానే కడుతున్నవాళ్ళను చూస్తున్నాను.

అప్పు వివరాల పత్రం, అదే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, తీసుకునేవాళ్ళకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అసలు వార్షిక వడ్డీ ఎంతో, ముందే వద్దనుకుంటే ఎన్ని రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చో అందులో ఉండాలి. మీకు తెలుగు, ఒడియా వచ్చు, ఇచ్చింది ఇంగ్లీషులో. లోన్ కంపెనీకి ఈ మాట రాసి ఫిర్యాదు చెయ్యండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయం అనిపించకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఫిర్యాదులు తేల్చే అధికారికి, రాయండి. ఆ సహాయ నంబరు 14448. మెషిన్ అమ్మిన తీరు మీద 1915కు, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చెయ్యండి. డబ్బు మొత్తం తిరిగి వస్తుందని నేను మాటివ్వను. ఫిర్యాదు మాత్రం పెట్టండి.

గొలుసు విషయంలో మీ తమ్ముడి లెక్క పూర్తిగా తప్పు కాదు. బ్యాంకులో బంగారం మీద వడ్డీ దీనికన్నా చాలా తక్కువ. కానీ మీ కాగితం ప్రకారం ముందే మూస్తే 4 శాతం, దాని మీద జీఎస్టీ. మీరింకా కట్టాల్సిన అసలు 36,188, మూసే చార్జీ 1,700 దాకా. ఆ మొత్తం 10 శాతానికి గోల్డ్ లోన్ తీసుకుని, 16 నెలలు క్రమం తప్పకుండా తీర్చినా మిగిలేది 1,600 రూపాయలు. ఈ 1,600 కోసం మీ ఇంట్లో గంటలో డబ్బుగా మారగలిగే ఒకే ఒక్క వస్తువును తాకట్టులో పెట్టమంటారా? పైగా గోల్డ్ లోన్‌లో నెలనెలా కట్టమని వెంటపడేవాళ్ళు ఉండరు. చాలామంది ఏడాది చివర్లో వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు, గొలుసు అక్కడే ఉండిపోతుంది. రాత్రి పదకొండుకు పిల్లవాడికి విరేచనాలు పట్టుకుని విశాఖపట్నం తీసుకెళ్ళాల్సి వస్తే మీ చేతిలో ఏముంటుంది? 5,000. గొలుసు ఇంట్లోనే ఉండనివ్వండి.

నన్ను అసలు కలవరపెట్టేది ఆ 5,000. మీ నెల ఖర్చు 16,000. మూడు నెలలకు 48,000. మీరు మెషిన్‌కు పెట్టినది 46,000. అంటే మీ ఇంటికి ఉండాల్సిన ఆపద నిధి మొత్తం ఇప్పుడు వంటగది గోడకు వేలాడుతోంది. మీ ఆయనది కాంట్రాక్టు పని. ఫ్యాక్టరీ షట్‌డౌన్ అయితే ఆ రోజుల జీతం రాదు. పని ఆగిన నెలలో కూడా ఈఎంఐ ఆగదు, అద్దె ఆగదు, బడి ఫీజు ఆగదు. ఆ నెల కోసమే ఈ నిధి. చీటీ పాటలో ఉన్న డబ్బును దీని కింద లెక్కవేయకండి, అది మనకు కావాల్సిన రోజున రాదు. పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కట్టే పొదుపు) మంచిదే గానీ మొదటి 16,000 పోగయ్యేదాకా అదీ వద్దు. మీ పేరున విడిగా ఒక సేవింగ్స్ ఖాతా, దానికి ఫోన్‌పే, గూగుల్‌పే ఏదీ కలపకుండా. ఈఎంఐ, ఇంటి ఖర్చు పోను మీకు నెలకు 2,860 మిగులుతోంది. జీతం పడిన రోజే అందులోంచి 2,000 తీసి ఆ ఖాతాలో వేయండి. లోన్ తీరేసరికి 32,000, ఇప్పుడున్న 5,000 కలిపి 37,000 అవుతుంది. లోన్ తీరిన నెల నుంచి ఆ 2,640 కూడా అటే మళ్ళిస్తే మూడు నెలల్లో 50,000 దాటుతుంది. అప్పటిదాకా కొత్త ఫోన్, పండక్కి టీవీ, "జీరో వడ్డీ" అన్న మాట ఏదీ ఇంట్లోకి రానివ్వకండి.

మీ ఆయన జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉండాలి. జీతం చీటీలో కోత పడుతోందో లేదో, కార్డులో మీ పేరు, పిల్లల పేర్లు, అత్తగారి పేరు ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. బ్యాంకులో 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా ఆయన పేరున చేయించండి.

మెషిన్ ఇంట్లో ఉంది కాబట్టి వాడుకోండి, వదిలేసే నీళ్ళు బకెట్‌లో పట్టి గిన్నెలు తోమడానికి, నేల తుడవడానికి వాడండి. వాళ్ళు రెండో ఏడు సర్వీసు కాంట్రాక్టుకు వస్తారు. ఆ రోజే సంతకం పెట్టవద్దు, ఏ ఫిల్టర్ ఎందుకు మార్చాలో కాగితం మీద రాసిమ్మని అడిగి, బయట మెకానిక్‌ను కూడా ధర అడగండి.

ఇక ఈఎంఐ తేదీ. 5వ తారీఖున కోత పడుతుందని రాశారు. జీతం 7న వస్తుందంటున్నారు. ఈ రెండు రోజుల తేడాతో ఒక్కసారి చెక్ బౌన్స్ లాంటిది జరిగినా లోన్ కంపెనీ ఒకటి, బ్యాంకు ఒకటి చార్జీ వేస్తాయి, సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తున్నామో చూపే అంకె) కూడా పాడవొచ్చు. లోన్ కంపెనీకి రేపే ఫోన్ చేసి కోత తేదీ 10కి మార్చమని అడగండి. మార్చేదాకా 2,640 రూపాయలు ముందు నెలలోనే ఆ ఖాతాలో వేసి ముట్టుకోకుండా ఉంచండి.