సిలబస్ ఫైనల్ చేసే ముందు ఒక్కసారి ఇది చదువు

అమ్మాయ్,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ మొత్తం చదివాను. హెచ్ఓడీ అయిన మొదటి ఏడాదే కన్‌స్ట్రక్షన్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఎంటెక్‌ని తిరగరాద్దామని కూర్చున్నావు, సంతోషం. కాకపోతే నీ యూనిట్లన్నీ పింబాక్ (అమెరికాలోని పీఎంఐ అనే సంస్థ వేసే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ గైడు) విషయసూచికలాగే ఉన్నాయి, అక్కడే నాకు పేచీ.

ఆ పుస్తకమే ఒకచోట నిలబడదు కదా. 2017లో వచ్చిన ఆరో ఎడిషన్‌లో 49 ప్రాసెస్‌లు అని పిల్లలు బట్టీ పట్టారు, 2021లో ఏడో ఎడిషన్ వచ్చి 12 ప్రిన్సిపుల్స్, 8 పెర్ఫార్మెన్స్ డొమైన్లు అంది, ఇటు మన దగ్గర బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్ దాటి ఒక సిలబస్ మారేసరికి ఆ ఎడిషన్ కాస్తా పాతదైపోతుంది. అందుకని యూనిట్ పేర్లు కాదు, కోర్స్ అయ్యేసరికి పిల్లాడి చేతుల్లోంచి ఏ కాగితం బయటికి రావాలో ముందు అది రాయి. బేస్‌లైన్ షెడ్యూల్ (మొదట ఒప్పుకున్న పనుల ప్రణాళిక), రిస్క్ రిజిస్టర్ (రాగల చిక్కుల పట్టిక), నెలవారీ ప్రోగ్రెస్ రిపోర్ట్, చేంజ్ రిక్వెస్ట్ మీద ఒక పేజీ నోట్... ఎడిషన్ ఏదైనా ఇవి మారవు.

ఒక కాలేజీకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్తే జీ ప్లస్ ఫైవ్ బిల్డింగ్‌కి ఎంఎస్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో గాంట్ చార్ట్ (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు అవుతుందో గీతల్లో చూపే పట్టిక) చూపించారు, రంగులతో చాలా బాగుంది. క్యాలెండర్ తెరవమన్నాను. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన స్టాండర్డ్ క్యాలెండరే, వారానికి ఐదు రోజులు, శని ఆదివారాలు సెలవు! మన సైట్లలో శనివారం ఎవడు మానేస్తాడు? సంక్రాంతి వారంలో మాత్రం ఫుల్ స్ట్రెంత్‌తో రెండు స్లాబులు పోసేస్తున్నారు, సెంట్రింగ్ మేస్త్రీలు అప్పటికే ఊళ్ళకి బస్సెక్కేసి ఉంటారు. జులైలో ఫౌండేషన్ తవ్వకాలు, వానకి ఒక్క రోజు కూడా వదల్లేదు. ఆ బ్యాచ్ మొత్తానికి మంచి మార్కులే వచ్చాయట, ఎందుకంటే ప్లాన్ గీయడం వరకే అసెస్‌మెంట్.

నువ్వు ఇక్కడ మార్చు. మూడో వారంలో ప్లాన్ తీసుకో, ఏడో వారంలో దాన్ని చెడగొట్టు, స్టీల్ లేటయిందనో క్లయింట్ ఇంకో ఫ్లోర్ అడిగాడనో ఒక మెయిల్ పంపు, క్రిటికల్ పాత్ (లేటైతే ప్రాజెక్టే లేటయ్యే పనుల వరుస) ఎటు జరిగింది, డబ్బు ఎంత పెరిగింది, క్లయింట్‌కి ఏం చెప్తారు అని రాయించు, సగం మార్కులు దానికే పెట్టు. పది లక్షల పని కావాల్సిన చోట ఎనిమిది లక్షల పనే అయ్యి పది లక్షలూ ఖర్చయిపోతే సీపీఐ (ఖర్చుపెట్టిన రూపాయికి ఎంత పని అయ్యిందో చెప్పే అంకె) 0.8 అని అందరూ లెక్క కట్టేస్తారు, ఆ తర్వాత సోమవారం పొద్దున సైట్‌లో ఏం చేస్తావ్ అంటే నోరు పెగలదు.

కేస్ స్టడీకి అమెరికా దాకా పోనక్కర్లేదు, హైదరాబాద్ మెట్రో ఉంది కదా. మొదట గెలిచిన బిడ్ రద్దవడం, 2010లో ఎల్ అండ్ టీతో ఒప్పందం, 2017 నవంబర్‌లో మొదటి ముక్క, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ ఎంజీబీఎస్ లైను, ఓల్డ్ సిటీ ముక్క ఆగిపోవడం. స్టేక్‌హోల్డర్లు, భూసేకరణ, పీపీపీ (ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసే ప్రాజెక్టు) రిస్క్ ఎవరి మీద పడుతుంది, ఒక సెమిస్టర్ పాఠం అందులోనే ఉంది.

బ్రోచర్‌లో పీఎంపీ (పీఎంఐ ఇచ్చే ప్రాజెక్ట్ మేనేజర్ సర్టిఫికెట్) అన్న మాట తీసెయ్. డిగ్రీ ఉన్నా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపిస్తేగానీ ఆ పరీక్షకి కూర్చోనివ్వరు, బీటెక్ అవగానే వచ్చి చేరిన పిల్లలకి అది ఆశ పెట్టి మోసం చేసినట్టే. కొత్తవాళ్ళకి వాళ్ళే ఇచ్చే సర్టిఫికెట్ సీఏపీఎంకి అనుభవం అక్కర్లేదు, 23 గంటల క్లాసులు చాలు, మీ మొదటి సెమిస్టర్‌లోనే అయిపోతాయి, దాని గురించి రాయి.

పీఎంఐ వాళ్ళ జీఏసీ అక్రెడిటేషన్‌కి (కోర్సుకి వాళ్ళిచ్చే గుర్తింపు) ఇప్పుడే అప్లై చెయ్యమని మేనేజ్‌మెంట్ తొందరపెడుతుంది, ఆగమను. వాళ్ళడిగేది పిల్లలు నేర్చుకున్నారని రుజువు, మన దేశంలో ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ ఫైళ్ళలో, సబ్జెక్టు లక్ష్యాలు కోర్సు మొత్తం లక్ష్యాలకి ఎంత కలుస్తాయో చూపే సీఓ పీఓ మ్యాపింగ్ అని రాత్రికి రాత్రి నింపే 3, 2, 1 అంకెలు కాదు (నింపని వాళ్ళెవరులే). రెండు బ్యాచ్‌ల పేపర్లు, చెడిన ప్లాన్లు, సరిదిద్దిన ప్లాన్లు దాచు, అప్పుడు అప్లై చెయ్యొచ్చు.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఇండస్ట్రీ మెంబర్ అంటే వైస్ ప్రెసిడెంట్‌నే పిలుస్తారు, టీ తాగి సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. ఆరేడేళ్ళ అనుభవమున్న ప్లానింగ్ ఇంజనీర్‌ని, బిల్లింగ్ ఇంజనీర్‌ని పిలువు, మీటింగ్ ఆదివారం పెట్టు, వాళ్ళకి ఆ రోజే కాస్త వీలు. ముందుగా అసెస్‌మెంట్ పేజీ ఒక్కటి తిరగరాసి పంపు, యూనిట్ల సంగతి తర్వాత చూద్దాం.