12.9 బోల్టు బలమైనదైతే అన్నిచోట్లా అదే ఎందుకు వాడరు?

బోల్టు తలపై ఉండే 12.9 గుర్తులో మొదటి సంఖ్య తన్యతా బలం (లాగినప్పుడు తెగకుండా తట్టుకునే బలం) సుమారు 1200 మెగాపాస్కల్స్ (ఒత్తిడికి కొలమానం) అనీ, రెండోది అందులో దాదాపు 90 శాతం వరకు లాగినా బోల్టు శాశ్వతంగా సాగిపోదనీ తెలుపుతాయి. 10.9 బోల్టుకు ఆ బలం సుమారు 1000. కాగితం మీద ఇది లాభమే గాని, చిక్కంతా కాఠిన్యంతో వస్తుంది.

కాఠిన్యాన్ని కొలిచే రాక్‌వెల్ సి కొలమానంలో 39 దాటేకొద్దీ ఉక్కుకు హైడ్రోజన్ వల్ల పెళుసుబారే గుణం బాగా పెరుగుతుంది; 12.9 బోల్టులు ఆ శ్రేణిలోనే ఉంటాయి. యాసిడ్‌తో శుభ్రం చేసేటప్పుడూ, విద్యుత్ పద్ధతిలో జింకు పూత వేసేటప్పుడూ పుట్టే హైడ్రోజన్ లోహంలోకి చొరబడి, బిగింపు తర్వాత ఒత్తిడి అధికంగా ఉండే థ్రెడ్ మూలాల (మరల మధ్య లోతైన గాడుల) వద్దకు చేరుతుంది. అందువల్ల బిగించినప్పుడు ఏ లోపమూ కనబడని బోల్టు కొన్ని గంటలకో, రోజులకో హఠాత్తుగా తెగిపోతుంది. 2013 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లాండ్ బే బ్రిడ్జి కొత్త భాగంలో బిగించిన 96 గాల్వనైజ్డ్ (జింకు పూసిన) ఉక్కు రాడ్లలో 32 ఇలాగే విరిగాయి. అక్కడి హైడ్రోజన్ తయారీలో చేరిందా, నిలిచిన నీటివల్ల పట్టిన తుప్పు నుంచి వచ్చిందా అన్నదానిపై నిపుణులు చాలాకాలం వాదించుకున్నారు.

విద్యుత్ పద్ధతిలో జింకు ప్లేటింగ్ తప్పనిసరైతే, చేరిన హైడ్రోజన్‌ను వెళ్లగొట్టడానికి వెంటనే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటల తరబడి వేడిచేయాలి. నా దృష్టిలో విద్యుత్ ప్రమేయం లేని జింక్ ఫ్లేక్ (సన్నని జింకు రేకుల) పూత అంతకన్నా మేలు.

విమానాల్లో లోహపు అలసట (పదేపదే మారే భారంవల్ల పగుళ్లు రావడం) కూడా పెద్ద శత్రువే కనుక, కీలకమైన బోల్టులకు ఉష్ణచికిత్స తర్వాతే థ్రెడ్లను రోలింగ్ చేస్తారు (కోయకుండా నొక్కి మలుస్తారు). దానివల్ల థ్రెడ్ మూలంలో మిగిలే సంపీడన (లోపలికి నొక్కే) ఒత్తిడి పగుళ్లను అడ్డుకుంటుంది. ఇంజన్ల వేడి భాగాలకు ఇన్‌కోనెల్ 718 వంటి నికెల్ మిశ్రమాలు వాడతారు. తడి తగిలే ఆరుబయట యంత్రాలకైతే కాస్త లావుపాటి 10.9 బోల్టే సురక్షితం.