ట్రాక్టరు వెంటపడే తెల్ల పక్షుల గురించి

నమస్తే అన్నా. నరసన్నపేట దగ్గర మీ పొలంలో ట్రాక్టరుతో దమ్ము చేస్తుంటే (మడికి నీళ్లు పెట్టి బురదగా దున్నుతుంటే) తెల్ల పక్షులు గుంపుగా వెంటపడుతున్నాయని, అవి సముద్రపు గల్ పక్షులా, చల్లిన విత్తనం తినేస్తాయా అని అడిగారు.

అవి గల్ పక్షులు కావు. ఇంగ్లండులో నాగలి వెంట గల్ పక్షులు వస్తాయి గానీ, మన తీరానికి అవి చలికాలపు చుట్టాలు. దమ్ముల కాలానికి వెళ్లిపోతాయి. మీ పొలంలోవి పశువుల వెంట తిరిగే తెల్ల కొంగలే. ఈ రోజుల్లో తల, మెడ పసుపు పులిమినట్టు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. అది గుడ్లు పెట్టే కాలపు రంగు.

గింజ వాటి తిండి కాదు. బురద తిరగబడగానే పైకొచ్చే కుమ్మరి పురుగులు, మిడతలు, వానపాములు, చిన్న కప్పలే కావాలి. మా మడిలో ఒక కొంగ మెడను అటూ ఇటూ మెల్లగా ఊపి, చటుక్కున పురుగును ముక్కున పట్టి, విదిలించి మింగడం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. వెదజల్లిన గింజకు పావురాలు, పిచ్చుకలే బెడద. కాపలా వాటికి పెట్టండి.

దయచేసి కొంగలను తరమకండి. ట్రాక్టరును వెనక్కి నడిపే ముందు, గట్టు దగ్గర తిప్పేటప్పుడు ఒక్కసారి తిరిగి చూడండి, కొంగలు చక్రాల దగ్గరకే వచ్చేస్తాయి. గుళికల మందు చల్లిన మడిలోకి మాత్రం వాటిని రానివ్వకండి. విషం తిన్న పురుగు వాటికీ విషమే.