సోమవారం ఫోన్‌లో కనిపించని నాయన

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఇప్పుడు ఎర్రగుంట్లలో ఉంటాం. నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నాకు 21 ఏళ్లు. హైదరాబాద్‌లో డిప్లొమా చదివేటప్పుడు కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాను. బయట మోర్మన్లు అంటే తెలుస్తుంది. తర్వాత అమ్మ కూడా తీసుకుంది. నాయన మాత్రం ఒప్పుకోలేదు. "నాలుగు తరాల నుంచి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లం. మనకు బైబిలు చాలదా, కొత్త పుస్తకం ఎందుకు?" అన్నాడు. నేను కూడా అప్పుడు దుడుకుగా ఉన్నాను. మేం టీ తాగకూడదు కాబట్టి ఇంట్లో టీ పొడి ఉండకూడదని డబ్బా ఖాళీ చేసేశాను. అప్పటి నుంచి ఆయన బంకు దగ్గర తాగుతున్నాడు.

మిషనరీగా ఇంగ్లండ్ ఉత్తరాన ఒక ఊరికి వచ్చి తొమ్మిది నెలలైంది. ఇంకా 15 నెలలు ఉండాలి. నాయన నాతో మాట్లాడడు. ప్రతి సోమవారం ఇక్కడ పొద్దున 10 గంటలకు, అంటే ఈ చలికాలంలో మీకు మధ్యాహ్నం మూడున్నరకు, వీడియో కాల్ చేస్తాను. నాయన పనికి పోయినాడు అంటుంది అమ్మ. కానీ పక్కనుంచి ఆయన దగ్గు వినిపిస్తుంది. మొన్న చిన్నాయన కూతురు ఈమెయిల్‌లో నోరు జారింది. మూడు వారాల కింద నాయనకు గుండెలో స్టెంట్ వేశారంట. నాకు ఒక్క మాట చెప్పలేదు.

రోజంతా తలుపులు కొడతాం, వీధిలో మనుషుల్ని పలకరిస్తాం. ఒక్కరు కూడా బాప్తిస్మం దాకా రాలేదు. నా కంపానియన్, అంటే నాతో జంటగా పని చేసే మిషనరీ, అమెరికా అబ్బాయి, నా ఇంగ్లీషును సరిదిద్దుతూనే ఉంటాడు. అన్నం సరిగా తినబుద్ధి కాదు, రాత్రి రెండుకు మెలకువ వస్తుంది. మోకరిస్తే మునుపటిలా ఏమీ అనిపించడం లేదు. ఇంకోటి, ఇక్కడ మాలాంటి మిషనరీలను అందరూ ఎల్డర్ అని ఇంటిపేరుతోనే పిలుస్తారు. నా సొంత పేరు వారానికి ఒక్కసారి అమ్మ నోట వింటాను. ఇంటికి వచ్చేయాలా? నా విశ్వాసం అబద్ధమా? నాయనతో ఏం మాట్లాడాలి?

జవాబు: బాబూ, నువ్వు నా చిన్న కొడుకు కన్నా చిన్నవాడివి, అందుకే నువ్వు అనే పిలుస్తాను. నేను మీ సంఘం మనిషిని కాను. మీ సిద్ధాంతం ఒప్పో తప్పో తేల్చను. నువ్వు అడిగింది కూడా అది కాదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివినప్పుడు ఒక సంగతి పట్టుకున్నాను, ముందు అదే చెప్పాలి. ఫ్యాక్టరీలో పని చేసే మనిషి ప్రతి సోమవారం మధ్యాహ్నం మూడున్నరకు ఇంట్లో ఎందుకుంటాడు? స్టెంట్ వేసి మూడు వారాలే అయింది. ఆ దగ్గు నీకు అంతకు ముందు కూడా వినిపించి ఉంటే, మీ నాయన సోమవారం మధ్యాహ్నాలు కూలి పోగొట్టుకుని, నీ ముఖం కనిపించే ఫోన్‌కు మూరెడు దూరంలో కూర్చుంటున్నాడు. ఎప్పటి నుంచి వినిపిస్తోందో గుర్తు చేసుకో. కోపం ఉంది, నిజమే. కానీ నీ మాట వినకుండా ఉండలేకపోతున్నాడు.

ఇక దాచడం గురించి. మన కడప ప్రాంతంలో ఇది కొత్త కాదు. రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌కు పోయిన ఇళ్లలో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నదే. మా చిన్నక్క అక్కడ 12 ఏళ్లు ఇంటి పని చేసింది. ఫోన్ చేస్తే "బాగుండాను" అనేది, మేం "అందరం బాగుండాం" అనేవాళ్లం. మా నాయన పోయిన సంగతి నాలుగు రోజులు దాచాం. పరాయి దేశంలో ఒంటరిగా ఏడుస్తుందని భయం. తెలిసిన తర్వాత ఆమె ఏడ్చింది నాయన కోసమే కాదు. ఆ నాలుగు రోజులూ తాను నవ్వుతూ పని చేసినందుకు ఏడ్చింది. ఆ తర్వాత రెండేళ్లు మేం ఏం చెప్పినా "నిజం చెప్పండి" అని అడిగేది. ఆ తప్పు మా ఇంట్లో జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా, మీ అమ్మ నిన్ను మోసం చేయలేదు. భయపడింది. నువ్వు కూడా అదే చేస్తున్నావు కదా. అన్నం సయించడం లేదని, రాత్రి రెండుకు మెలకువ వస్తుందని అమ్మకు చెప్పావా?

2019 ఫిబ్రవరికి ముందు మీ మిషనరీలు ఇంటికి ఫోన్ చేసేది ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కు ఒకసారి, మాతృ దినోత్సవానికి ఒకసారి. మిగతా అంతా ఉత్తరాలు, ఈమెయిళ్లే. ఆ తర్వాత మీ సంఘం ప్రతి వారం మాట్లాడుకోవచ్చని మార్చింది. అంత పెద్ద వెసులుబాటు నీకు దొరికింది. దాన్ని మీరు ఇద్దరూ కలిసి నాటకానికి వాడుకుంటున్నారు. ఈ సోమవారం మొదటి మాటే ఇలా అను: "అమ్మా, నాయనకు స్టెంట్ వేసిన సంగతి నాకు తెలుసు. నేను కోప్పడను. ఇప్పుడు ఎట్లుండాడు?" చెల్లెలి పేరు చెప్పకు, పాపం ఆ పిల్లను తిడతారు. తర్వాత నీ సంగతి చెప్పు. అంతా ఒక్కసారి గుమ్మరించకపోయినా నిద్ర, తిండి గురించి మాత్రం చెప్పు. నాయన దగ్గు గురించి కూడా అడుగు. స్టెంట్ వేసిన డాక్టరుకు తాను రాతి పనిలో ఉన్నానని చెప్పాడో లేదో కనుక్కో. గుండె బాగైంది కదా అని ఆ దగ్గును వదిలేయకూడదు, ఊపిరితిత్తులు కూడా చూపించాలి. స్టెంట్ తర్వాత ఇచ్చే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపకూడదని అమ్మకు గట్టిగా చెప్పు. కాస్త తేలిక పడగానే మాత్రలు మానేసే మగవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇంట్లో మళ్లీ ఇలాంటిది ఏదైనా జరిగితే సోమవారం దాకా ఆగకుండా అక్కడ మిమ్మల్ని చూసుకునే మీ మిషన్ అధ్యక్షుడికి కబురు పెట్టమని అమ్మకు ఆ నంబరు ఇవ్వు.

విశ్వాసం అబద్ధమా అన్నావు. బాబూ, నువ్వు రాసిన లక్షణాలు నేను వేరే చోట విన్నాను. పెళ్లయి కొత్తగా అత్తారింటికి వచ్చిన అమ్మాయిలు, హాస్టల్‌లో మొదటి ఏడాది పిల్లలు ఇవే చెప్తారు. తిండి తగ్గడం, తెల్లవారకముందే మెలకువ, ఇంతకు ముందు సంతోషమిచ్చిన పని ఇప్పుడు చప్పగా అనిపించడం. నీకు ఆ చప్పదనం ప్రార్థనలో కనిపిస్తోంది, ఎందుకంటే నీ రోజంతా ప్రార్థన చుట్టూనే ఉంది. ఆరున్నరకు లేవడం, చదువుకోవడం, పదిన్నరకు పడుకోవడం, మధ్యలో పొద్దంతా వద్దనిపించుకోవడం. డిసెంబరులో అక్కడ నాలుగు గంటలకల్లా చీకటి పడుతుంది. ఎర్రగుంట్ల ఎండలో పెరిగిన ఒళ్లు అది. కంపానియన్ కంటికి, చెవికి దూరం పోకూడదన్నది మీ నియమం, కాబట్టి ఒంటరిగా ఏడ్చే వీలు కూడా లేదు. ఇవన్నీ మోస్తూ, నెల మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉంటూ, మోకరించినప్పుడు ఏమీ అనిపించలేదంటే నేను ముందు నీ ఒంటిని అనుమానిస్తాను. సందేహాలు నిజంగా ఉండొచ్చు. ఉంటే వాటిని నిద్ర తీరిన మనసుతో, తిన్న కడుపుతో చూడాలి. తిండి సరిగా పోని ఈ రోజుల్లో ఉపవాసం గురించి మీ అధ్యక్షుడితో మాట్లాడు. ఒంట్లో బాగాలేని వాళ్లు ఉండక్కర్లేదని ఆయనే చెప్తారు.

ప్రతి వారం మిషన్ అధ్యక్షుడికి మీరు ఉత్తరం రాస్తారు కదా. అందులో ఇన్నాళ్లూ ఏం రాశావు? బాగానే ఉన్నాను అనే రాసి ఉంటావు. ఈసారి నాకు రాసిందే ఆయనకూ రాయి. నిద్ర, తిండి, నాయన, అన్నీ. మిషనరీల దిగులు, ఒత్తిడి చూసేందుకు మీ సంఘంలో నర్సులు, మానసిక ఆరోగ్య సలహాదారులు ఉంటారు. వాళ్లను అడగడం విశ్వాసం తక్కువై కాదు. బతకాలనిపించకపోతే, లేదా నిన్ను నువ్వు గాయపరచుకోవాలనిపిస్తే, ఏ ఉత్తరం కోసం ఆగొద్దు. అక్కడ ఇలాంటి వాళ్ల మాట వినే సమారిటన్స్ సంస్థ నంబరు 116 123, పగలూ రాత్రీ ఉచితం. ప్రాణం మీదికి వస్తే 999. ఇక్కడ అమ్మకు టెన్షన్ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంటికి రావాలా? ఈ వారం నిర్ణయం వద్దు. నాయన స్టెంట్ కోసం అయితే రావాల్సిన అవసరం లేదనిపిస్తోంది. మూడు వారాలు గడిచాయి, ఇంట్లో ఉన్నాడు. కానీ నిజం చెప్పి, సాయం తీసుకుని, కొన్ని వారాలు గడిచాక కూడా నీ నిద్ర, తిండి ఇలాగే ఉంటే, డాక్టరు కూడా వెళ్లడమే మంచిదంటే, తలెత్తుకుని రా. మధ్యలో తిరిగొచ్చిన మిషనరీలు మీ సంఘంలో చాలామంది ఉన్నారు. ఇంటి దగ్గరే ఉండి సేవ చేసే మిషన్ కూడా మీకు ఉంది. వీధిలో వాళ్లు ఏదో అంటారు. కువైట్ నుంచి ముందే వచ్చేసిన వాళ్లనూ అంటారు, రెండు నెలలకు మర్చిపోతారు. రావడం కన్నా అబద్ధపు కారణం చెప్పి రావడం నిన్ను ఎక్కువ బాధపెడుతుంది.

కంపానియన్ గురించి ఎక్కువ చెప్పను. ఆ పిల్లవాడూ ఇల్లు వదిలి వచ్చినవాడే. ఒకరోజు మీ నాయన సంగతి అతనికి చెప్పు. నీ పేరు కూడా నేర్పు. బయట ఎల్డర్ అనే పిలవనీ, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు ఆ పేరుతో పిలవమని అడుగు.

ఇప్పుడు మీ నాయన. ఆయన బాధను నువ్వు చిన్నగా చూస్తున్నావేమో అనిపించింది. మీ సంఘం 1830లో అమెరికాలో పుట్టింది. మోర్మన్ గ్రంథాన్ని బైబిలుతో పాటు దేవుని వాక్యంగా నమ్ముతారు. ఆ ఒక్క కారణంతోనే సీఎస్ఐ లాంటి పాత సంఘాల్లో చాలామంది మిమ్మల్ని తమలో ఒకరిగా ఒప్పుకోరు. త్రిత్వం గురించి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అన్న నమ్మకం గురించి కూడా తేడా ఉంది. మీరు క్రీస్తునే నమ్ముతున్నామంటారు. ఈ వాదం మీ ఇంట్లో తీరదు, తీర్చబోకు. కానీ నాలుగు తరాలు అంటే ఏమిటో ఆలోచించు. జమ్మలమడుగు చుట్టుపక్కల ఆ సువార్త తెచ్చింది లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు. ఆసుపత్రి కట్టారు, బడులు పెట్టారు. వాళ్లు నాటిన సంఘాలే 1947లో సీఎస్ఐలో కలిశాయి. అంటే మీ ముత్తాత తలుపు కొట్టిన మనిషి నువ్వు ఇప్పుడున్న దేశం నుంచి వచ్చినవాడే అయి ఉండొచ్చు. ఇక్కడి ఎండకు మాడి, ఇక్కడి తెలుగు నోరు తిరగక, ఎన్ని తలుపుల దగ్గర వద్దనిపించుకున్నాడో. మీ ముత్తాత తలుపు తీసినప్పుడు వాళ్ల నాయన ఏమన్నాడో నీకు తెలుసా? నాకు తెలియదు. మీ నాయనకు తెలిసి ఉండొచ్చు. అడుగు. వాదించడానికి అడగకు, తెలుసుకోవడానికి అడుగు. తొమ్మిది నెలలు మాట్లాడని మనిషి కూడా తన తాత గురించి అడిగితే నోరు విప్పుతాడు.

(భాష దగ్గర నీకు నామోషీ వద్దు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చినప్పుడు ఆయన వయసు కూడా 21. మిషనరీ కాదు, ఈస్టిండియా కుంఫిణీ ఉద్యోగి. వచ్చేనాటికి తెలుగు అంతంతమాత్రం. ఆ మనిషే తర్వాత మనకు నిఘంటువు ఇచ్చాడు. ఇంటికి తిరిగొచ్చాక కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి వెళ్లు.)

చివరగా ఆ టీ డబ్బా. ఉత్తరంలో అది ఒక్క ముక్కలో రాసి దాటేశావు. కానీ మీ నాయనకు గుచ్చుకున్నది మోర్మన్ గ్రంథం కన్నా అదే ఎక్కువ అనుకుంటాను. టీ, కాఫీ, మద్యం, పొగాకు వద్దన్న మీ నియమం 1833 నాటిది. అది దాన్ని ఒప్పుకున్న వాళ్లకు. ఆయన ఒప్పుకోలేదు. సొంత ఇంట్లో, సొంత సంపాదనతో, పొద్దున్నే బండల దగ్గరికి పోయే మనిషికి ఒక గ్లాసు టీ లేకుండా చేశావు. ఇప్పుడు నువ్వు కొట్టే తలుపులు తీసిన ముసలివాళ్లు కూడా ముందు టీ తాగుతావా అనే అడుగుతారు, నువ్వు మర్యాదగా వద్దంటావు. వాళ్ల ఇంట్లో టీ పొడి పారేస్తావా?

అమ్మకు ఆదివారమే ఈమెయిల్ పెట్టే వీలుంటే పెట్టు, లేకపోతే సోమవారం కాల్ మొదట్లోనే చెప్పు. టీ పొడి తెప్పించమను. డాక్టరు వద్దనకపోతే, చక్కెర తక్కువ వేసి, మూడున్నరకు నాయనకు ఒక గ్లాసు పెట్టమను. తర్వాత ఫోన్ కొంచెం పక్కకు తిప్పమను. "నాయనా, ఆ రోజు డబ్బా ఖాళీ చేసింది తప్పు" అను. అంతే చాలు, సువార్త ఏమీ కలపకు. ఆయన లేచి బయటికి పోవచ్చు. పోనీ. వచ్చే సోమవారం మళ్లీ అదే వేళకు ఫోన్ చెయ్యి, మళ్లీ పక్కకు తిప్పమను.