ఇమేజరీ అంటే బొమ్మలేనా?

ప్రశ్న: ఇమేజరీ అనే మాట కవిత్వ విమర్శలోనూ కనిపిస్తోంది, ఉపగ్రహాల వార్తల్లోనూ కనిపిస్తోంది. రెండూ ఒకటేనా? తెలుగులో ఏమనాలి?

జవాబు: మాట ఒకటే, పని వేరు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్ల భువన్ పోర్టల్‌లో కనిపించేవి నిజంగా పైనుంచి తీసిన చిత్రాలు, వాటిని ఉపగ్రహ చిత్రాలు అంటే సరిపోతుంది. కవిత్వంలో పదచిత్రం, భావచిత్రం అంటారు. నాకు పదచిత్రం అనే మాటే ఇష్టం, కాకపోతే ‘చిత్రం’ అనగానే కంటికి కనిపించేదే అనుకుంటాం, అక్కడే చిక్కు. ‘ఎండ ఎక్కువగా ఉంది’ అంటే వట్టి సమాచారం. అదే ‘గడప దాటగానే అరికాలు చుర్రుమంది’ అంటే చదివేవాడు కాలు వెనక్కి తీసుకుంటాడు, అందులో బొమ్మేమీ లేకపోయినా అదీ పదచిత్రమే. తాలింపు వాసనా, రేకుల మీద చినుకుల చప్పుడూ అంతే. అన్నట్టు, పదచిత్రంలో ఉపమానం, అంటే పోలిక, ఉండితీరాలనేం లేదు.