కొండ ఎక్కే దారి, ఏటి వెంట దారి: సైకిలు ప్రయాణాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తూర్పు కనుమల్లోనూ, నల్లమలలోనూ సైకిలు మీద తిరగాలనుకునే పాఠకులు పంపిన ఉత్తరాలలో నుంచి, పదిమందికీ పనికివచ్చే ప్రశ్నలను ఎంచి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 43. ప్రతి ఆదివారం విశాఖ బీచ్‌ రోడ్డు మీదుగా భీమిలి దాకా సైకిలు తొక్కుతాను. మైదానంలో 80 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా వెళ్లగలను. అరకు 115 కిలోమీటర్లే కదా, ఒక్క రోజులో వెళ్దామని స్నేహితులు అంటున్నారు. ఎస్‌.కోట మీదుగా వెళ్లడం మంచిదా, మాడుగుల, పాడేరు మీదుగానా?
– వి.ఎస్‌., విశాఖపట్నం

జవాబు: ముందుగా ఆ 115 అన్న అంకెను పక్కన పెట్టండి. కొండదారిని కిలోమీటర్లతో కొలుచుకుని బయలుదేరినవారు సగం దారిలో చతికిలపడతారు. దారి ఏ ఏటి వెంట పోతున్నది, ఏ గట్టును దాటుతున్నది అన్నది చూసుకున్నవారికి ఆ రోజు ఎంత చెమటోడ్చవలసి ఉంటుందో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. ఏటి వెంట సాగే రోడ్డు సాధారణంగా ఏటి వాలుతోనే సాగుతుంది. ఒక ఏటి పరీవాహకంలో నుంచి మరొక ఏటి పరీవాహకంలోకి పోయే రోడ్డు మాత్రం నడుమనున్న కొండను ఎక్కి దిగక తప్పదు.

మీరు ప్రతి ఆదివారం భీమిలిలో సముద్రంలో కలవడం చూసే గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో ఆగి అక్కడికి చేరుతుంది. అరకు ప్రయాణమంటే ఆ నది పుట్టిన కొండల మీదికి ఎక్కడమే. విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్‌.కోట దాకా ఉన్న సుమారు 60 కిలోమీటర్లు మీకు ఒక లెక్కలోవి కావు. బొడ్డవర దాటాక ఘాట్‌ మొదలవుతుంది. అక్కడి నుంచి టైడ, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా దాదాపు ఎడతెగని ఎక్కుడే. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్నా అది లోయ కాబట్టి, దానిలోకి దిగాలంటే అంతకన్నా ఎత్తయిన గాలికొండను ముందు దాటాలి, ఆ తరువాతే సుంకరిమెట్ట కాఫీ తోటల నడుమ దిగుడు వస్తుంది. మరునాడు తిరుగు ప్రయాణం కూడా ఎక్కుడుతోనే మొదలవుతుంది గనుక, వెళ్లేటప్పుడు ఎక్కాం, వచ్చేటప్పుడు దిగడమే కదా అనే లెక్క చెల్లదు.

పాడేరు దారి మరొక రకం. చోడవరం, వడ్డాది, మాడుగుల దాకా మైదానమే. మాడుగుల దాటాక కొండ ఒక్కసారిగా నిలువెత్తున ఎదురవుతుంది. తూర్పు కనుమల సముద్రం వైపు ముఖం నిటారుగానూ, లోపలి వైపు పీఠభూమి నెమ్మదిగా వాలుతూనూ ఉంటుంది. మాడుగుల కొండల్లో ఇటు పక్క పడిన వాన శారదా నదిలో చేరి అనకాపల్లి మీదుగా త్వరగానే సముద్రంలో కలుస్తుంది. అటు పక్క పడిన వాన మాచ్‌ఖండ్‌గా ఒడిశా వైపు పోయి, సీలేరు అయి, శబరిలో పడి, చివరికి గోదావరిలో కలుస్తుంది. అందువల్ల ఘాట్‌ ఎక్కడం ఒకసారి పూర్తయితే పాడేరు నుంచి హుకుంపేట, డుంబ్రిగుడ మీదుగా అరకు దాకా ఉన్న సుమారు 45 కిలోమీటర్లలో వచ్చేవి చిన్నచిన్న ఎత్తుపల్లాలే, మళ్లీ అంతటి కొండ రాదు.

నా సలహా ఏమంటే, రెండు రోజులు పెట్టుకుని పాడేరు మీదుగా ఎక్కి, అక్కడ రాత్రి బస చేసి, మరునాడు అరకు మీదుగా ఎస్‌.కోటకు దిగండి. నిటారు ముఖాన్ని ఎక్కడానికి వాడుకుని, అనంతగిరి దారిని దిగడానికి వదిలిపెట్టడం మోకాళ్లకూ మేలు, బ్రేకులకూ మేలు. సెలవు ఒక్క రోజే దొరికితే ఎస్‌.కోట దాకా సైకిలును వాహనంలో తీసుకుపోయి అక్కడి నుంచి మొదలుపెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు. మాడుగులలో ఆగితే హల్వా కొనుక్కోండి. నేతితో చేసిన ఆ మిఠాయికి ఉన్న పేరు మీకు తెలియనిది కాదు, ఘాట్‌ ఎక్కేవాడికి అది ఊరికే పోయే తిండి కూడా కాదు.

ప్రశ్న: మేము నలుగురం రాజమహేంద్రవరం నుంచి గోదావరి వెంటే సైకిళ్ల మీద భద్రాచలం వెళ్లాలనుకుంటున్నాం. పటంలో చూస్తే నది తిన్నగానే కనిపిస్తున్నది. దారి ఎలా ఉంటుంది?
– కె.ఆర్‌., రాజమహేంద్రవరం

జవాబు: నది ఉన్నచోటల్లా రోడ్డు ఉండదు. పాపికొండల నడుమ గోదావరి ఇరుకున పడి పారుతున్నది. అక్కడ కొండ నేరుగా నీటిలోకి దిగుతుంది గనుక ఒడ్డు వెంట పొడుగునా సాగే తారు రోడ్డు లేదు, అందుకే జనం ఆ అందాన్ని లాంచీలలో కూర్చుని చూస్తారు. రోడ్డు ఆ ఇరుకును తప్పించుకోవడానికి గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా చుట్టు తిరిగి, కొండను దాటి, చింతూరు దగ్గర శబరి ఒడ్డుకు దిగుతుంది.

మారేడుమిల్లి మీకు సుమారు 85 కిలోమీటర్లు. అందాకా ఎక్కుడు నెమ్మదిగానే ఉంటుంది కాబట్టి తొలిరోజు అక్కడితో ఆపండి. బొంగులో చికెన్‌ తినాలన్న కోరిక ఉంటే ఆ సాయంత్రమే తీర్చుకోండి, తెల్లవారి ఘాట్‌కు ముందు మాత్రం వద్దు. అసలు ఘాట్‌ మారేడుమిల్లి దాటాకనే ఉంది. వెదురు పొదలూ పెద్ద చెట్లూ రెండు వైపులా కమ్ముకుని ఎండ నేల మీద పడనివ్వవు, అందువల్ల వాన వెలిసి చాలాసేపయినా మలుపుల్లో తారు తడిగానే, రాలిన ఆకులతో జారుడుగానే ఉంటుంది. ఎదురుగా వచ్చే బస్సూ లారీ మలుపులో దారి మొత్తాన్నీ ఆక్రమించుకోవలసి వస్తుంది, అది డ్రైవరు తప్పు కాదు. వాహనం చప్పుడు వినగానే మలుపు మొదట్లోనే ఓ పక్కకు ఆగి దాన్ని పోనివ్వండి. ఘాట్‌లో చాలా భాగం ఫోనుకు సిగ్నల్‌ ఉండదు. మనిషికి రెండు లీటర్లకు తగ్గకుండా నీళ్లూ, రెండేసి ట్యూబులూ, గాలి పంపూ మీ వద్దనే ఉండాలి. నలుగురూ ఒకరికొకరు కనిపించేంత దూరంలో వెళ్లండి, ముందు వెళ్లినవారు చింతూరులో టీ తాగుతూ ఎదురుచూద్దామనుకోవద్దు.

చింతూరు నుంచి రెండు దారులున్నాయి. జాతీయ రహదారి నేరుగా భద్రాచలం పోతుంది. తొందర లేనివారు శబరి వెంట కూనవరం వైపు తిరగవచ్చు, అక్కడే శబరి గోదావరిలో కలుస్తుంది. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. ముందురోజు ఎక్కిన కొండల వరుస పక్కనే కనిపిస్తూ ఉంటుంది, చదునైన దారి మీద కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, లారీల రద్దీ తక్కువ. అయితే ఈ సౌఖ్యమంతా నీళ్లు తగ్గిన కాలానిదే. గోదావరికి వరద వస్తే శబరి ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతుంది, సోకిలేరు, చీకటివాగు వంటివి పొంగి రోడ్లను ముంచుతాయి. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, చింతూరు ప్రాంతాలు ఎంత నష్టపోయాయో మీకు తెలుసు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఈ దారి జోలికి పోకండి. వాగు మీద నీళ్లు పారుతున్నప్పుడు మోకాలి లోతే కదా అని సైకిలు భుజాన వేసుకుని దాటే ప్రయత్నం అసలే చేయకండి.

ప్రశ్న: నాది గేర్లు లేని మామూలు సైకిలు. దాని మీద నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కగలనా? గేర్ల సైకిలు కొనేంత డబ్బు లేదు.
– ఇంటర్‌ విద్యార్థి, నర్సీపట్నం

జవాబు: ఎక్కగలరు, కాకపోతే కొంత దూరం నడవాలి. లెక్క చూడండి. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనుకదానికి 18 పళ్లు ఉన్న సైకిలు పెడల్‌ ఒక్క చుట్టుకు ఐదు మీటర్లకు పైగా కదులుతుంది. ఘాట్‌లో మామూలు మనిషి వేగం గంటకు 8 కిలోమీటర్లు అనుకుంటే, నిమిషానికి 26 చుట్లు మాత్రమే తొక్కుతారు. అంటే ప్రతి తొక్కుడులోనూ ఒంటి బరువంతా పెడల్‌ మీద మోపాలి, ఆ భారం మోకాళ్లు మోయాలి. ముందు 34, వెనుక కూడా 34 పళ్లు ఉండే గేరు ఉన్న సైకిలు మీద అదే వేగానికి 63 చుట్లు పడతాయి, ఒక్కో చుట్టుకు కావలసిన బలం సగానికన్నా తక్కువవుతుంది. చేసే పని మొత్తం మారదు, దాన్ని చిన్నచిన్న వాటాలుగా పంచుకుంటారు, అంతే.

మీరు చేయదగినది ఒకటుంది. మీ ఊరి సైకిలు షాపులో వెనుక ఫ్రీవీల్‌ను, అంటే వెనుక పళ్లచక్రాన్ని, 22 పళ్లదానికి మార్పించండి. ఖర్చు తక్కువ, తేడా మాత్రం కాళ్లకు తెలుస్తుంది. చైను పొడవు చాలకపోతే ఒకటి రెండు లింకులు కలుపుతారు. డౌనూరు దాకా తొక్కుకుంటూ పోయి, ఆ పైన నిటారుగా ఉన్నచోట దిగి నడిపించుకుంటూ, చదునైనచోట మళ్లీ ఎక్కండి. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో తెల్లవారుజామున మంచు చూడటానికి వచ్చే కార్లు ఆ రోడ్డును నింపేస్తాయి కాబట్టి వారం మధ్యలో వెళ్లండి. దిగే ముందు రెండు బ్రేకులూ పరీక్షించుకోండి, బ్రేకు కట్టలు అరిగి ఉంటే కొండ ఎక్కనే వద్దు.

ప్రశ్న: ఘాట్‌ దిగుతుండగా నా సైకిలు ముందు ట్యూబు ఉన్నట్టుండి పేలింది. మేకు గానీ ముల్లు గానీ దొరకలేదు. రిమ్‌ ముట్టుకుంటే చెయ్యి కాలింది. కారణం ఏమిటి?
– పి.ఎల్‌., విజయనగరం

జవాబు: కారణం మీ చేతికే తెలిసింది. మీది రిమ్‌ను పట్టుకునే బ్రేకు అయి ఉంటుంది. దిగుడంతా దాన్ని వదలకుండా నొక్కిపట్టి ఉంచితే, కొండ దిగుతున్న మనిషి, సైకిలు బరువుల శక్తిలో చాలా భాగం వేడిగా మారి రిమ్‌లో చేరుతుంది. ఆ వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది, ట్యూబు కూడా మెత్తబడుతుంది. ఉదయం మైదానంలో గాలి నిండుగా కొట్టి ఉంటే ఇక చెప్పేదేముంది!

తిన్నని భాగంలో నడుము పైకెత్తి కూర్చుంటే ఎదురుగాలే కొంత వేగాన్ని తగ్గిస్తుంది. మలుపుకు ముందు, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ కలిపి గట్టిగా వేసి వేగం తగ్గించుకోండి, మలుపులోకి వంగేటప్పటికి వదిలేయండి. ఆ వదిలిన క్షణాల్లోనే రిమ్‌ చల్లబడుతుంది. వేగం రెట్టింపయితే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి. గంటకు 40 కిలోమీటర్లతో మలుపు దగ్గరికి వచ్చి అప్పుడు బ్రేకు వెతుక్కునేవాడికి 20తో వచ్చినవాడి కంటే నాలుగు రెట్ల పని ఉంటుంది. సామాను ఉంటే ఇది ఇంకా ఎక్కువ. పొడుగాటి దిగుడులో అయిదారు కిలోమీటర్లకు ఒకసారి ఆగి రిమ్‌ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, వేడి తగులుతుంటే అది చల్లారేదాకా కదలవద్దు. నీళ్లు మాత్రం పోయకండి.

ప్రశ్న: హైదరాబాదు నుంచి శ్రీశైలానికి సైకిలు మీద వెళ్లాలని ఉంది. అడవిలో రాత్రి చల్లగా ఉంటుంది కదా, రాత్రి ప్రయాణం చేయవచ్చా?
– ఎమ్‌., హైదరాబాదు

జవాబు: చేయకూడదు. మన్ననూరు దాటాక దారి అమ్రాబాద్‌ పులుల అభయారణ్యం గుండా పోతుంది, రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అక్కడి చెక్‌పోస్టు వద్ద రాకపోకలు ఆపివేస్తారు. ముందురోజు మన్ననూరు పరిసరాల్లో బస చేసి, తెల్లవారాక చెక్‌పోస్టులో సైకిలు సంగతి చెప్పి, సిబ్బంది అనుమతిస్తేనే కదలండి. చీకటి పడకముందే అడవి దాటేలా చూసుకోండి. మార్చి, ఏప్రిల్‌ నెలల్లో ఇప్పపూలు రాలే వేళ వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి గనుక వేకువ పొద్దున చెట్ల కింద ఆగకండి. కోతులు గుంపుగా ఉన్నచోట తిండి సంచి విప్పవద్దు.

ఇక దారి విషయానికి వస్తే, ఇక్కడా మొదట చెప్పిన సూత్రమే. శ్రీశైలం ఆలయం సముద్రమట్టానికి 450 మీటర్లకు పైన ఉంది. జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు. మీరు కృష్ణను దాటే వంతెన ఆనకట్టకు దిగువన, అంతకన్నా లోతున ఉన్నది. అంటే దోమలపెంట నుంచి హాయిగా దిగినదంతా సున్నిపెంట వైపు తిరిగి ఎక్కాలి, అదీ 200 కిలోమీటర్లు తొక్కిన కాళ్లతో, తరచు మిట్టమధ్యాహ్నపు ఎండలో. వంతెన దగ్గరికి రాకముందే తిని, నీళ్లు నింపుకుని, గంటసేపు నీడన కూర్చోండి. శివరాత్రి ముందు వారాల్లో పాదయాత్ర భక్తులతోనూ వాహనాలతోనూ రోడ్డు కిక్కిరిసి ఉంటుంది, ఆ రోజులు వదిలేయండి.

ప్రశ్న: అరకు నుంచి తిరిగి వచ్చేటప్పుడు సైకిలును రైలులో వేసుకోవచ్చా?
– టి.కె., గాజువాక

జవాబు: పెట్టెలోకి తెచ్చుకోనివ్వరు. లగేజీగా బుక్‌ చేస్తే గార్డు పక్కనున్న బ్రేక్‌ వ్యానులో ఎక్కిస్తారు. అందుకు కాస్త ముందుగా స్టేషన్‌కు చేరి రశీదు రాయించుకోవాలి, వ్యానులో చోటు లేకపోతే చేయగలిగింది లేదు కాబట్టి ముందురోజే స్టేషన్‌లో అడిగి ఉంచుకోండి. పెడళ్లు విప్పి, హ్యాండిల్‌ను పక్కకు తిప్పి, వెనుక గేరు భాగానికి పాత దుప్పటి చుట్టండి. పేరు, దిగే స్టేషన్‌ రాసిన చీటీని రెండు చోట్ల కట్టండి.