షాపు ముందా, కెమెరా ముందా?

(ఖమ్మంలో మూడు దశాబ్దాలుగా ఫొటో స్టూడియో నడుపుతున్న మహిళా ఫొటోగ్రాఫర్ ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మేడమ్, మాది జనగామ దగ్గర పల్లె. బీటెక్ అయ్యాక రెండేళ్లుగా హైదరాబాద్ స్టూడియోల వాళ్లకు రోజుకింత అని క్యాండిడ్ ఫొటోలు (పోజు పెట్టించకుండా సహజంగా తీసేవి) తీస్తున్నాను. సొంతంగా నాలుగు పెళ్లిళ్లు చేశాను. రెండు రోజుల పెళ్లికి అరవై వేలు మాట్లాడుకున్నాను. ఇద్దరు ఇంకా బాకీ ఉన్నారు. నాన్న నాలుగు లక్షలు ఇస్తానంటున్నారు. మెయిన్ రోడ్డు మీద పద్నాలుగు వేల అద్దెకు షాపు చూశాను. షాపు తీయాలా, కొత్త కెమెరా కొనాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, నీది మా అన్నయ్య కొడుకు వయసు. అందుకే నువ్వు అంటున్నాను. షాపు ఇప్పుడే వద్దు. కెమెరా సంగతి చివర్లో చెబుతాను.

ముందు నీ అరవై వేలు ఎటు పోతున్నాయో ఒక కాగితం మీద రాసుకో. వీడియో తీసేవాళ్లకు పన్నెండు వేలు, రెండో ఫొటోగ్రాఫర్‌కు ఎనిమిది, ఎడిటింగ్‌కు ఎనిమిది, ఆల్బమ్ ప్రింటింగ్‌కు పది, బండికి, అసిస్టెంటుకు నాలుగు అనుకుందాం. నలభై రెండు వేలు పోగా నీ చేతిలో మిగిలేది పద్దెనిమిది వేలు. షాపు అద్దె ఏడాదికి 1,68,000. అంటే తొమ్మిది పెళ్లిళ్లకు పైగా ఇంటాయన అద్దె కోసమే తీయాలి. నువ్వు రెండేళ్లలో సొంతంగా తీసినవి నాలుగు. పెళ్లివాళ్లు ఇప్పుడు ఫోన్లో ఫొటోలు చూసి, తెలిసినవాళ్లను అడిగి వస్తున్నారు. మాట్లాడుకోవడానికి వాళ్లింటికే వెళ్లు. అమ్మాయి వాళ్లమ్మను, మేనమామను కూర్చోబెట్టి మాట్లాడితే, ఎవరి ఫొటో తప్పకుండా ఉండాలో అక్కడే తెలిసిపోతుంది.

ఇక ముహూర్తాల సంగతి. మన పనికి జీతం నెలనెలా రాదు, పంచాంగం చూసి వస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, భాద్రపదంలో ఉండవు, పుష్యంలో ఉండవు. మౌఢ్యం వస్తే ఒక్కోసారి రెండు నెలలకు పైగా ఖాళీ. రెండున్నరేళ్లకో మూడేళ్లకో అధిక మాసం సరేసరి. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే మా నాన్నగారు ముహూర్తం లేని నెలలకు ఎర్ర సిరాతో గీత పెట్టేవారు. ఆ నెలల్లో ఇల్లు ఎలా గడుస్తుందో అప్పుడే ఆలోచించేవారు. నేనూ అదే చేస్తున్నాను. స్కూళ్ల గ్రూపు ఫొటోలు, ఐడీ కార్డుల ఫొటోలు, చీరల షాపులవాళ్లకు చీరల ఫొటోలు, పోయినవాళ్ల పాత ఫొటోలు బాగుచేసి పెద్దవి చేసివ్వడం, ఇవన్నీ ఆ నెలల పనులే. పెద్దవాళ్ల ఫొటో బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లను తొందర పెట్టకు. ఆ పనికి మంచి కుర్చీ వేసి, పక్కన కూర్చోబెట్టుకుని, ముఖం సరిగ్గా వచ్చిందా అని అడిగి చేయాలి. మా స్టూడియోకు పెళ్లి ఆర్డర్లు ఎక్కువగా అలా వచ్చిన ఇళ్ల నుంచే వచ్చాయి.

బాకీల విషయంలో తప్పు వాళ్లదే అయినా, దారి నువ్వే వదిలావు. బుకింగ్ రోజు ముప్పై శాతం, పెళ్లికి ముందు రోజు యాభై శాతం, ఆల్బమ్ చేతికిచ్చేటప్పుడు ఇరవై శాతం తీసుకో. ఆ చివరి ఇరవై దగ్గరే అందరం చిక్కుకుంటాం. ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచుకోమని పంపిస్తే అమ్మాయి అమెరికా వెళ్లిపోతుంది, అబ్బాయికి తీరిక ఉండదు, ఏడాది గడుస్తుంది. అందుకే ఒక పేజీ ఒప్పందం తెలుగులోనే రాయి. ఎన్ని రోజులు, ఎంతమంది వస్తారు, ఎన్ని షీట్ల ఆల్బమ్, ఫొటోల సెలెక్షన్ 45 రోజుల్లో చెప్పకపోతే మిగతా డబ్బు అప్పుడే ఇవ్వాలి అని. ఇద్దరూ సంతకం పెట్టండి. బంధువులైనా సరే పెట్టించు. తగ్గించాలనుకుంటే రేటు తగ్గించు, కాగితం మాత్రం మానకు.

నా జీవితంలో పెద్ద దెబ్బ డబ్బు వల్ల తగల్లేదు. 2009లో ఒక పెళ్లిలో ఫొటోలన్నీ ఒకే మెమరీ కార్డులో తీశాను. ఇంటికొచ్చి చూస్తే తలంబ్రాల దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఏవీ తెరుచుకోలేదు. డబ్బు మొత్తం తిరిగిచ్చాను. పెళ్లికూతురి తల్లి ఆ కవరు పట్టుకుని, "మా అత్తగారు అక్షింతలు వేసిన ఫొటో ఒక్కటైనా లేదా అమ్మా?" అని అడిగింది. లేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కాబట్టి నాన్నగారి డబ్బులో కొంత పెట్టి, రెండు కార్డులు పట్టే కెమెరా కొను. పాతదైనా ఫరవాలేదు, తీసిన ప్రతి ఫొటో రెండింటిలోనూ పడాలి. పెద్ద లెన్సులు అవసరమైన రోజుకు అద్దెకు తెచ్చుకో. రెండు హార్డ్ డిస్కులు కొని ఒకటి మీ ఇంట్లో, ఒకటి వేరే ఇంట్లో ఉంచు. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టు. మిగిలింది నాన్నకు తిరిగి ఇచ్చెయ్. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బు కట్టకు. మనలా సేవలు చేసేవాళ్లకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు.

ఇంకొక్కటి. పెళ్లికి ముందు రోజే పంతులుగారిని కలిసి నమస్కారం పెట్టు. జీలకర్ర బెల్లం ఏ వైపు నుంచి పెట్టిస్తారో, తెర ఎప్పుడు తీస్తారో అడుగు. ముహూర్తం క్షణాల్లో అయిపోతుంది. మళ్లీ పెట్టమని అడిగే హక్కు మనకు లేదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ఫొటోగ్రఫీ అంటే ప్రాణం. ఆడపిల్లకు ఈ పని ఎందుకని ఇంట్లో అంటున్నారు. — ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: అమ్మా, నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. అక్కడ ఫొటోలు తీసింది కూడా స్త్రీయే. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగవాళ్ల ముందుకు రారు కాబట్టి ఆ అవసరం వచ్చింది. పెళ్లికూతురిని ముస్తాబు చేసే గదిలో ఆ అవసరం ఇవాళా ఉంది. ఓణీల ఫంక్షన్, శ్రీమంతం, బారసాల ఫొటోలకు ఆడమనిషి వస్తుందా అని నన్ను అడుగుతూనే ఉంటారు. ముందు వాటితో మొదలుపెట్టు. రాత్రి ముహూర్తాలకు వెళ్లేటప్పుడు తిరుగు ప్రయాణం బండి ఖర్చు కూడా ఒప్పందంలోనే రాయించు. మొహమాటపడకు. అమ్మానాన్నలను ఒకసారి నీతోపాటు ఫంక్షన్‌కు తీసుకెళ్లి నీ పని చూపించు. మా అమ్మ అలా చూశాకే ఒప్పుకుంది.

ప్రశ్న: నేను తీసిన పెళ్లి ఫొటోలు నా పేజీలో పెడితే కస్టమర్ గొడవ చేశారు. తీసింది నేనే కదా, హక్కు నాది కాదా? — ఒక ఫొటోగ్రాఫర్, ఏలూరు

జవాబు: మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. కాబట్టి మీ కస్టమర్ మాటలో న్యాయం ఉంది. ముందు ఆ ఫొటోలు తీసేసి, ఫోన్ చేసి క్షమించమని అడగండి. ఇకపై ఒప్పందంలో "ఫొటోలు మా పేజీలో పెట్టుకోవచ్చు / పెట్టకూడదు" అని రెండూ రాసి, ఏదో ఒకటి కొట్టేయమనండి. పెట్టుకోవచ్చన్న వాళ్లను కూడా, పెట్టే ముందు ఆ ఫొటోలు పంపి ఒకసారి అడగండి. కన్నీళ్లతో ఉన్న అప్పగింతల ఫొటో మనకు ఎంత బాగా వచ్చినా, పదిమందికీ చూపించాలో వద్దో చెప్పాల్సింది ఆ అమ్మాయే.